లింకుల హోదా నియమావళి

మా ఆఫీసులో ఎవరు ఎంత పెద్దవాళ్లో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. తలుపు మీది నేమ్‌ప్లేటు చూస్తే చాలు. చైర్మన్ గారిది మూడడుగుల ఇత్తడి పలక. జాయింట్ డైరెక్టర్ గారిది రెండడుగుల టేకు చెక్క. సూపరింటెండెంట్లకు జానెడు ప్లాస్టిక్. సీనియర్ అసిస్టెంటునైన నాకు, అంటే యెలిగేటి నరహరికి, తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన రెండు ముక్కలు. ఫ్యాను కాస్త గట్టిగా తిరిగితే నా హోదా ఎగిరి పక్క బల్ల మీద పడుతుంది.

ఈ నేమ్‌ప్లేట్ల రిజిస్టరు పదిహేడేళ్లుగా నా దగ్గరే ఉంది. ఎవరికి ఎన్ని అంగుళాలు, ఎవరి కుర్చీ మీద తువ్వాలు పరచాలి, ఎవరి బల్లకు అద్దం వేయాలి, అన్నీ నాకు నోటికి వచ్చు. అందుకే మా మండలికి వెబ్‌సైటు పెట్టాలని తీర్మానం అయిన రోజు దాని బాధ్యత నా నెత్తిన పడింది. నాకు టైపు కొట్టడం తప్ప కంప్యూటర్ గురించి ఇంకేమీ తెలియదని మొత్తుకున్నాను.

"అది కూడా ఒక విధమైన బోర్డే కదా. తెలియకపోవుట అనునది అనర్హతగా పరిగణించబడదు" అన్నారు జాయింట్ డైరెక్టర్ విశ్వపతి గారు. ఆయన ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారని, ఉప్పు కావాలంటే "లవణము సరఫరా చేయవలసినది" అంటారని మా స్టాఫులో ఒక నమ్మకం ఉంది. నేను దాన్ని ధ్రువీకరించలేను.

మాది నేత్ర సంక్షేమ మండలి. చూపు మందగించిన పేదవాళ్లకు కళ్లద్దాలు ఇవ్వడం, ఏడాదికొక్కసారి శిబిరం పెట్టి కంటి ఆపరేషన్లు చేయించడం మా పని. మిగతా పనులు మరీ ఎక్కువగా ఉండటం వల్ల ఈ పని కాస్త వెనకబడుతూ ఉంటుంది.

వెబ్‌సైటు తయారు చేయడానికి ఫర్జానా అనే అమ్మాయిని కాంట్రాక్టు మీద తీసుకున్నాం. ఆ అమ్మాయికి పని వచ్చు. మా ఆఫీసులో నెగ్గుకు రావడానికి అదొక్కటే ఆమెకున్న అడ్డంకి. పది రోజుల్లో వెబ్‌సైటు కట్టేసి నాకు చూపించింది. మొదటి పేజీలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్దగా "కంటి ఆపరేషన్‌కు దరఖాస్తు" అని ఒక లింకు పెట్టింది. లింకు అంటే తెర మీద ఒక మాట ఉంటుంది, దాని మీద నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. మిగతా లింకులన్నీ దాని కింద, ఒకే సైజులో, బుద్ధిగా వరసలో నిలబడ్డాయి.

"ఇక్కడికి వచ్చేవాళ్లకే చూపు తక్కువ కదా సర్. అందుకే పెద్దగా పెట్టాను" అంది.

నాకు సబబుగానే తోచింది. తలూపాను. ఏం చెప్పమంటారు, ఆ తల అప్పుడు పని చేసి ఉంటే ఇంత రామాయణం జరిగేది కాదు.

సెప్టెంబరులో ప్రారంభోత్సవం పెట్టారు. మా చైర్మన్ అనంతగిరి మురహరి గారు రిబ్బను కత్తిరించి, కంప్యూటర్ ముందు కూర్చుని, తెరను పైనుంచి కిందికి ఒకసారి చూశారు. ఆయన రాజకీయాల్లో పెద్ద మనిషి. ఎన్నికల్లో మూడుసార్లు ఓడిపోయిన సేవకు గుర్తింపుగా మా మండలి దక్కింది.

"నా పేరేదయ్యా?" అన్నారు.

"మూడో వరసలో ఉంది సార్. చైర్మన్ గారి సందేశం అని" అన్నాను.

"అటెండర్ల సెలవుల లింకు ఏది?"

"దాని పక్కనే సార్."

విశ్వపతి గారు నా బల్ల మీది చెక్క స్కేలు తెప్పించి, తెరకు ఆనించి స్వయంగా కొలిచారు. దరఖాస్తు లింకు అక్షరం ఎత్తు ఒక సెంటీమీటరు. చైర్మన్ గారి అక్షరం అర సెంటీమీటరు. అటెండర్ల సెలవుల అక్షరం కూడా సరిగ్గా అర సెంటీమీటరే. రిబ్బను పట్టుకున్న అటెండరు తప్పంతా తనదే అన్నట్టు తల వంచుకున్నాడు.

"ఈ సమానత్వమునకు ఎవరు అనుమతి ఇచ్చినారు?" అని అడిగారు విశ్వపతి గారు.

ఫర్జానా ముందుకు వచ్చి మర్యాదగా వివరించింది. "సీఎస్‌ఎస్ అని ఒక ఫైలు ఉంటుంది సర్. ఏ లింకు ఏ సైజులో, ఏ రంగులో కనిపించాలో అందులో రాస్తాం. సైజును పిక్సెళ్లలో చెప్తాం. పిక్సెల్ అంటే తెర మీద ఒక చిన్న చుక్క. ఒక్క లైను మారిస్తే సైజు మారిపోతుంది. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల పని అన్న మాట మా ఆఫీసు గోడల మధ్య అంతకుముందు ఎవరూ అనలేదు. విశ్వపతి గారు ఆ అమ్మాయి వైపు జాలిగా చూశారు.

"ఆ లైను వ్రాయు అధికారము ఎవరి యందు నిక్షిప్తమై ఉన్నది? నిబంధన ఏది? అనుబంధ పట్టిక ఏది?"

ఏవీ లేవు. అందుకని ఒక కమిటీ వేశారు. కమిటీ పదకొండు సార్లు కూర్చుని, నేమ్‌ప్లేట్ల రిజిస్టరును ఆధారం చేసుకుని, నలభై ఒక్క పేజీల "లింకుల హోదా నియమావళి" తయారు చేసింది. టైపు చేసింది నేనే. చైర్మన్ గారి లింకు తొంభై ఆరు పిక్సెళ్లు. జాయింట్ డైరెక్టర్ నలభై ఎనిమిది. సూపరింటెండెంట్లు ఇరవై నాలుగు. నేను పద్నాలుగు. జూనియర్లు పన్నెండు, అటెండర్లు పది. అక్కడికి వచ్చేసరికి ఒక చిక్కు వచ్చింది. దరఖాస్తు లింకు ఎవరిది?

"ప్రజలది సర్" అంది ఫర్జానా.

"ప్రజలు ఏ గ్రేడు?"

జీతాల పట్టికలో వెతికాం. ప్రజలు లేరు. సర్వీసు నిబంధనల్లో వెతికాం. అక్కడా లేరు. చివరికి, అటెండరు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి కాబట్టి ఎనిమిది పిక్సెళ్లు ఖాయం చేశారు. "ఉదారముగానే ఉన్నది" అన్నారు విశ్వపతి గారు.

చైర్మన్ గారు సీఎస్‌ఎస్ మీద ఆసక్తి పెంచుకున్నారు. ఒక లింకు లోపల ఇంకో మాట పెడితే, దానికి విడిగా సైజు చెప్పకపోయినా పైదాని సైజే వస్తుందని ఫర్జానా ఒకరోజు ఏదో సందర్భంలో చెప్పింది. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"అంటే తండ్రిది కొడుక్కి వస్తదన్నమాట."

"దాన్ని వారసత్వమనే అంటారు సర్."

"చూసినవా విశ్వపతీ. మన పద్ధతులు తెలిసినోళ్లే రాసిన్రు దీన్ని" అని ఆయన చాలా సంతోషించారు. మర్నాటి నుంచి చైర్మన్ గారి లింకు లోపల ఆయన అబ్బాయి పేరు కూడా తొంభై ఆరు పిక్సెళ్లలో వెలిసింది. ఆ అబ్బాయి మా మండలికి కళ్లజోళ్ల ఫ్రేములు సరఫరా చేస్తాడు.

ఆ తర్వాత మౌస్ సంగతి వచ్చింది. లింకు మీదికి మౌస్ బాణం వస్తే రంగు మారేట్టు చేయవచ్చని తెలిశాక, ఎవడో దారిన పోయేవాడు వేలు పెట్టగానే అధికారి రంగు మారడం ఏమిటని విశ్వపతి గారు అభ్యంతరం చెప్పారు. చైర్మన్ గారు గదిలోకి వస్తే అందరూ లేచి నిలబడతారు కాబట్టి, ఆయన లింకు మీదికి మౌస్ వచ్చినప్పుడు మిగతా లింకులన్నీ కాస్త ముందుకు వంగాలని ఆదేశించారు. ఇది జరిగే పని కాదని నేను ధైర్యంగా ఉన్నాను. ఫర్జానా అరగంటలో చేసేసింది. అందరికంటే ఎక్కువగా నా లింకే వంగింది. అలవాటు కాబోలు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ నేమ్‌ప్లేట్లలో చైర్మన్ గారిది మూడడుగులైతే తనది రెండడుగులు కదా, ఆ లెక్కన తనకు నలభై ఎనిమిది కాదు అరవై నాలుగు పిక్సెళ్లు రావాలి కదా అని విశ్వపతి గారికి తట్టింది. రాయించుకున్నారు. దాంతో మధ్య దూరం తగ్గిందని చైర్మన్ గారు నూట ఇరవై ఎనిమిదికి వెళ్లారు. సూపరింటెండెంట్లు పెన్నులు కింద పెట్టి రెండు గంటలు నిరసన తెలిపారు. పెన్ను కింద పెట్టడంలో వాళ్లకు చాలా ఏళ్ల అనుభవం ఉండటం వల్ల ఎవరూ గమనించలేదు. తర్వాత నోటు పెట్టారు, మూడేసి పిక్సెళ్లు పెరిగాయి.

"ఇంక తెర మీద చోటు లేదు సర్. ఫోనులో చూస్తే చైర్మన్ సర్ పేరు ఒక్కటే కనిపిస్తుంది" అంది ఫర్జానా.

"పిక్సెళ్లు చాలనిచో పైకి ప్రతిపాదనలు పంపుడు. మంజూరు చేయించెదము."

"పిక్సెళ్లు ఎవరూ మంజూరు చెయ్యరు సర్. తెర ఎంతుంటే అన్నే."

అలాంటప్పుడు ఉన్నవాటిలోనే సర్దుబాటు చేయాలి. ఎవరి దగ్గర తీసినా నోటు పెడతారు, యూనియన్‌కు వెళ్తారు, కోర్టుకు వెళ్తారు. ప్రజలు ఒక్కరే ఏమీ అనరు. ఎనిమిది పిక్సెళ్లు అయిదయ్యాయి. అయిదు రెండయ్యాయి. నవంబరులో చైర్మన్ గారి డ్రైవరు ఇక కారు నడపనంటూ తాళాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పట్టికలో అటెండర్లు ఉన్నారు గానీ డ్రైవర్లు లేరు. నిజానికి పాపం అతను పెద్దగా ఏమీ అడగలేదు.

"నాకు రెండు చాలు సార్. పేరుంటే చాలు."

తెర మీద మిగిలినవి ఆ రెండే. ఫర్జానా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సర్, ఇవి కూడా తీస్తే దరఖాస్తు లింకు సున్నా అవుతుంది. అప్పుడది కనిపించదు."

ఆ మాటే వెళ్లి విశ్వపతి గారితో చెప్పాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"లింకు ఉండునా, ఉండదా?"

"ఉంటుందండి. కనిపించదు."

"ఉండిన చాలును. కనబడవలెనని నియమావళిలో ఎచ్చట ఉన్నది?"

ఎచ్చటా లేదు. నేనే టైపు చేశాను కదా, నాకు తెలుసు. తెరను పెద్దది చేసుకుని చూసుకుంటారేమో అని చివరి ఆశగా ఫర్జానాను అడిగాను. "సున్నాను ఎంత పెద్దది చేసినా సున్నానే కదా సర్" అంది. ఆ రెండు పిక్సెళ్లూ తీసి డ్రైవరు పేర రాస్తూ నోటు కొట్టాను. ఈ చేత్తోనే కొట్టాను.

లచ్చవ్వ అంతకు ముందు వారమే ఒకసారి మా ఆఫీసుకు వచ్చింది. కొంకటి లచ్చవ్వ, కామారెడ్డి వైపు మనిషి. బీడీలు చుడుతుంది. యాభై దాటి ఉంటాయి. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి పొర వస్తోంది. ఈ శిబిరంలో ఆపరేషన్ అయితే ఆ కన్ను దక్కుతుందని, ఏడాది ఆగితే డాక్టర్లు కూడా ఏమీ చేయలేరని జిల్లా ఆసుపత్రిలో చెప్పి పంపారు. దరఖాస్తుకు నవంబరు ముప్పై ఆఖరు. దరఖాస్తు నంబరు లేనిదే శిబిరంలో చేర్చుకోరు. నంబరు వెబ్‌సైటే ఇస్తుంది. కాగితం మీద రాసిస్తే తీసుకోవడానికి లేదు, మాది కాగితరహిత కార్యాలయం. ఆ సంగతి కాగితం మీద రాసి గేటుకు అంటించాం.

"వెబ్‌సైటులో ఉందమ్మా, మీ ఊళ్లో ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్లు" అని అప్పుడు చెప్పి పంపేశాను. అప్పటికి రెండు పిక్సెళ్లు ఉన్నాయి కాబట్టి నేను అబద్ధం చెప్పలేదనే అనుకున్నాను.

నవంబరు ఇరవై ఎనిమిదిన మళ్లీ వచ్చింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సారూ, సెంటర్ల ఆయన గంటసేపు దేవులాడిండు. గసుంటి లింకు లేనే లేదవ్వా అన్నడు. ఈడికొస్తే మీరు ఆడికి పొమ్మంటున్రు, ఆడికి పోతే వాళ్లు ఈడికి పొమ్మంటున్రు. రానుపోను రెండు రోజుల పని పాయె."

ఏం చెప్పను? ఉంది గానీ కనిపించదని చెప్పనా? కూర్చోమన్నాను. మంచినీళ్లు ఇప్పించాను. ఆమె గ్లాసు కోసం చెయ్యి చాపింది. చెయ్యి గ్లాసుకు జానెడు దూరంలో గాలిని పట్టుకుంది. నేనే గ్లాసు తీసి చేతికి అందించాను. నాకు తల కొట్టేసినట్టయింది.

"బీడీ సుట్టుడు కండ్లు మూసుకోని సుట్టొచ్చు సారూ, చేతులకు ఎరుకే. గని ఆకు కత్తిరియ్యాలంటే కన్ను గావాలె. కటింగ్ మంచిగ లేదని నా బీడీలన్నీ తీసి పారేస్తున్నరు. మా కార్ఖానల నా తీరువోళ్లు ఇంకా ముప్పై మంది ఉన్నరు. అందరూ నేనేమి ఖబరు తెస్తనా అని సూస్తున్రు."

ఫర్జానాను పిలిచి, ఆ ఫారం అడ్రసేదో ఒక చీటీ మీద రాసిమ్మన్నాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"మొదటి పేజీలో లింకు నొక్కి వస్తేనే ఆ ఫారం తెరుచుకుంటుంది సర్. నేరుగా అడ్రసు కొడితే తెరుచుకోదు. దొంగ దరఖాస్తులు రాకూడదని మనవాళ్లే అలా పెట్టించారు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. లింకు నొక్కాలి, నొక్కడానికి లింకు లేదు. లచ్చవ్వ నా బల్ల మీది కంప్యూటర్ వైపు మొహం తిప్పి, ఒంటి కన్ను చికిలించి చూసింది.

"గదేంది సారూ, గంత పెద్దగ రాసిన్రు?"

"కనిపిస్తోందా నీకు?"

"గదొక్కటే కనవడ్తున్నది. చై... ర్మన్... గారి... సందేశం. రాత్రి బడిల సదువుకున్న సారూ నేను. అది ఒత్తితే ఏమొస్తది?"

నాకు తెలియదు. వెబ్‌సైటు పెట్టి మూడు నెలలైంది. చైర్మన్ గారి లింకును కొలిచాం, పెంచాం, దాని ముందు మిగతా లింకుల్ని వంచాం. దాన్ని ఎవరూ నొక్కలేదు. నొక్కాను. తెల్లటి పేజీ మీద ఒక్క లైను వచ్చింది: "సందేశము త్వరలో వెలువడును."

"ఉత్తదేనా?" అంది లచ్చవ్వ. "మరి గా దరకాస్తునే అండ్ల పెట్టరాదుండ్రి."

నేనూ ఫర్జానా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నియమావళి తీసి నలభై ఒక్క పేజీలూ తిరగేశాను. లింకు ఎంత ఎత్తు ఉండాలో ఉంది. ఏ రంగు ఉండాలో ఉంది. ఎవరి ముందు ఎంత వంగాలో కూడా ఉంది. నొక్కితే ఎక్కడికి పోవాలో ఏ పేజీలోనూ లేదు. లింకు అనేది ఎక్కడికో పోవడానికి పనికొస్తుందని కమిటీకి ఎవరూ చెప్పలేదు.

అప్పటికప్పుడు నోటు ఫైలు పెట్టాను. విషయం: గౌరవ చైర్మన్ గారి లింకు, పరిమాణము యథాతథముగా కొనసాగింపు, గమ్యస్థానము ఖరారు, గురించి. విశ్వపతి గారు మొదటి లైను చదివి తలెత్తారు.

"పరిమాణము ఏమైనా తగ్గుచున్నదా?"

"లేదండి."

"వర్ణము?"

"అదేనండి."

"మిగతావి వంగుచున్నవా?"

"బ్రహ్మాండంగా వంగుతున్నాయండి."

సంతకం చేశారు. ఫర్జానా అరనిమిషంలో చైర్మన్ గారి లింకును దరఖాస్తు ఫారానికి తగిలించింది. లచ్చవ్వ ఆసుపత్రి చీటీలన్నీ ఊళ్లో సెంటర్‌లోనే ఉండిపోయాయట. ఆమెను ఆటోలో బస్టాండుకు పంపిస్తూ, "సెంటర్‌కు పోయి ఆ పెద్దపేరు మీదే నొక్కమను. నీ తోటివాళ్లకు కూడా చెప్పు" అన్నాను. సాయంత్రం ఆరింటికి ఫర్జానా పరుగున వచ్చి తెర చూపించింది. ఏడో నంబరు దరఖాస్తు: కొంకటి లచ్చవ్వ. కుర్చీలో వెనక్కి వాలి, చాలా ఏళ్ల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

లచ్చవ్వ ముప్పై మందికే చెప్పి ఉంటుంది. కానీ మాట ఆగదు కదా. ఎవరు ఫోనులో మా వెబ్‌సైటు తెరిచినా చైర్మన్ గారి పేరు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు కాబట్టి, నొక్కితే దాన్నే నొక్కారు. ఆఖరి తేదీ దాటేసరికి నాలుగు వేల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. ఆ లింకు నలభై వేల సార్లు నొక్కబడిందని లెక్క తేలింది.

ఆ లెక్క చైర్మన్ గారి బల్ల మీదికి వెళ్లింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయట.

"మూడుసార్లు ఓడగొట్టిన్రు గని, నా మాట కోసం ఎంత తపిస్తున్నరయ్యా జనం. నలభై వేల మంది చదివిన్రు నా సందేశం" అన్నారు.

సందేశంలో ఏముందని ఆయన అడగలేదు. ఆయన రాయలేదు కాబట్టి విశ్వపతి గారు రాసి ఉంటారని ఆయన అనుకున్నారు. చైర్మన్ గారే స్వయంగా రాసి ఉంటారని విశ్వపతి గారు అనుకున్నారు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. జనవరి మొదటి వారంలో అభినందన సభ పెట్టారు.

అప్పటికి శిబిరం అయిపోయింది. ఆపరేషన్ అయినవాళ్లలో సందేశం చదివి స్ఫూర్తి పొందిన లబ్ధిదారు ఒకరిని వేదిక మీద మాట్లాడించాలని విశ్వపతి గారు ఆదేశించారు. జాబితాలో పైనున్న పేర్లలో ఆ రోజు రాగలనన్నది ఒక్క లచ్చవ్వే. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకోకుండా, మెట్లు తనే చూసుకుంటూ వేదిక ఎక్కింది. ఇప్పుడు ఈమె ఏం మాట్లాడుతుందోనని నేను తలుపు దగ్గరి కుర్చీలోకి జరిగాను.

"సందేశము పఠించిన పిమ్మట మీ మనోభావములు తెలుపుడు" అన్నారు విశ్వపతి గారు మైకు ఆమె ముందు పెట్టి.

"సందేశం నేను సదవలేదు సారూ. అండ్ల సందేశం లేదు. ఈ పెద్దసారు పేరు మీద ఒత్తితే దరకాస్తు వచ్చింది. అందరం గట్లనే ఒత్తినం. గా నరహరి సారు చెప్పిండు. ఆ సారు సల్లగుండాలె."

అంత పెద్ద హాల్లో నా పేరు వినిపించడం అదే మొదలు. చైర్మన్ గారి మొహం నెమ్మదిగా విశ్వపతి గారి వైపు తిరిగింది. విశ్వపతి గారు ముప్పై ఏళ్ల సర్వీసు ఊరికే చేయలేదు. మైకు అందుకున్నారు.

"వింటిరి కదా. గౌరవ చైర్మన్ గారి నామమును తాకిన మాత్రమున చూపు వచ్చినది."

హాలు చప్పట్లతో మారుమోగింది. చైర్మన్ గారు లేచి అందరికీ దండం పెట్టారు.

చార్జి మెమో మర్నాడు నా బల్ల మీదికి వచ్చింది. "గౌరవ చైర్మన్ గారి నామధేయమును సామాన్య పౌరుల రాకపోకలకు ద్వారముగా వినియోగించుట" నా నేరం. ఆ నోటు మీద జాయింట్ డైరెక్టర్ గారి సంతకమే ఉంది కదా అని మనవి చేసుకున్నాను. ఆయన పరిమాణము మేరకే సంతకం చేశారని విచారణలో తేలింది. జీతం కోస్తే ట్రిబ్యునల్‌కు వెళ్తానని తెలుసు కాబట్టి పిక్సెళ్లు కోశారు. నా పద్నాలుగూ సున్నా అయ్యాయి. అవి ఇద్దరు జూనియర్లకు చెరి ఏడు చొప్పున పంచారు. ఫర్జానాను కూడా శిక్షించాలని చూశారు గానీ, కాంట్రాక్టు ఉద్యోగులకు అసలు పిక్సెళ్లే లేకపోవడం వల్ల తీయడానికి ఏమీ దొరకలేదు.

చైర్మన్ గారి లింకులో ఇప్పుడు నిజంగానే సందేశం ఉంది. పంతొమ్మిది పేజీలు. మొదటి వారం ఇరవై ఆరుసార్లు నొక్కారు. అందులో పదకొండుసార్లు చైర్మన్ గారే. దరఖాస్తు లింకు సున్నాలో భద్రంగా ఉంది. నియమావళికి సవరణ చేసి, లింకు ఎక్కడికి పోవాలో కూడా ఇకమీదట కమిటీయే నిర్ణయిస్తుందని రాశారు. ఆ సవరణ నేనే టైపు చేశాను. వచ్చే శిబిరం నాటికి దాన్ని ఇంకో రెండుసార్లు నింపాదిగా చదువుకోవాలి. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి రాయడం మరిచిపోయే ఉంటారు, మావాళ్ల మీద నాకా నమ్మకం ఉంది.

జనవరి ఆఖరులో లచ్చవ్వ మా ఆఫీసుకు వచ్చింది. నల్లద్దాల చోట కొత్త కళ్లజోడు ఉంది. అనపకాయల మూట నా బల్ల మీద పెట్టింది. పొద్దుగూకేదాకా కూర్చుని తనే ఏరుకుని కోసిందట, ఒక్కటి కూడా పుచ్చు లేదట.

"నీ ఫోన్ నంబరు కోసం సెంటర్ల ఎంత ఎతికించిన్నో సారూ. నీ పేరే దొర్కలే. ఏడున్నది?"

"ఉందిలే లచ్చవ్వా" అన్నాను.

"ఏది, నేను సూస్త. ఇప్పుడు నాకు మంచిగ కనవడ్తది."

వద్దనేలోపే నా కంప్యూటర్ ముందుకు వంగింది. వేలు తెర మీద పెట్టి, పైనుంచి ఒక్కొక్క పేరే కూడబలుక్కుంటూ చదువుకుంటూ వచ్చింది. చైర్మన్ గారు. వారి అబ్బాయి. జాయింట్ డైరెక్టర్ గారు. సూపరింటెండెంట్లు. జూనియర్లు. అటెండర్లు. అక్షరాలు చిన్నవయ్యేకొద్దీ ఆమె మొహం తెరకు దగ్గరవుతూ వచ్చింది. అడుగున రెండు పిక్సెళ్లలో ఉన్న డ్రైవరు పేరును కూడా పట్టుకుని చదివింది. నేను కూడా అంతకుముందు దాన్ని చదవలేకపోయాను. దాని కింద ఉత్త తెలుపే ఉంది. వేలు అక్కడే ఆగిపోయింది.

"నీ పేరు లేదు సారూ."

"ఉంది. కనిపించదు."

ఆమె నా వైపు చూసింది. మొహంలో ఉన్న వెలుగంతా పోయింది.

"అయితే నా కన్ను ఇంక పూరాగ బాగు కాలేదన్నట్టు."

"నీ కన్ను బాగానే ఉంది లచ్చవ్వా. నా మాట విను" అన్నాను.

నమ్మలేదు. కళ్లజోడు తీసి, కొంగుతో రెండద్దాలూ తుడిచి, మళ్లీ పెట్టుకుని, మొదటి పేరు దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టింది.